సాంచోది పొట్టి నడుమా, పొట్టి ఆకారమా?

సెర్వాంటెస్ రాసిన స్పానిష్ నవల 'దోన్ కిహోతె'ను తెలుగు చేస్తూ, మొదటి భాగం తొమ్మిదో అధ్యాయంలో ఒకే ఒక్క వాక్యం దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. గ్రూపులో తెలిసినవాళ్ళు ఓ మాట చెప్పండి.

కథ చెప్పేవాడికి స్పెయిన్‌లోని తొలేదో ఊరి బజారులో ఒక కుర్రవాడి దగ్గర అరబ్బీలో రాసిన పాత నోటుపుస్తకాలు దొరుకుతాయి. మొదటిదాంట్లోనే ఒక బొమ్మ. కథానాయకుడు కిహోతె, అతనితో పోరాడే బాస్కు జాతి మనిషి కత్తులెత్తి ఉన్నారు. పక్కన గాడిద పగ్గం పట్టుకుని కిహోతె సేవకుడు సాంచో పాన్సా. కింద రాసిన పేరు మాత్రం 'సాంచో సాంకాస్'. పాన్సా కాదు! 'పాన్సా' అంటే బొజ్జ. 'సాంకా' అంటే సన్నగా పొడుగ్గా ఉండే కాలు, ముఖ్యంగా పక్షి కాలు. బొమ్మలో బొజ్జ పెద్దది, 'తాయె' పొట్టి, కాళ్ళు పొడుగు, అందుకే ఆ రెండు పేర్లూ పెట్టి ఉంటారు అంటాడు సెర్వాంటెస్.

1605 మాద్రిద్ ముద్రణలో ఈ కథకు బొమ్మలే వేయలేదు. లేని బొమ్మను మాటలతో గీసి, దానికి అర్థం కూడా తనే చెబుతున్నాడన్నమాట. ఎంత ముచ్చటైన పని! నిజం బొమ్మలు తర్వాత వచ్చాయి: 1657లో డచ్చి అనువాదంలో, 1662లో బ్రస్సెల్స్‌లో అచ్చయిన స్పానిష్ ప్రతిలో, 1674లో మాద్రిద్‌లో. కానీ ఈ రోజు సాంచో అనగానే మన కళ్ళముందుకొచ్చేది పొట్టి లావు మనిషి. ఆ పొడుగు కాళ్ళు ఎటు పోయాయో!

నేనూ మొదట 'పొట్టివాడు' అనే రాసేశాను. తర్వాత చూస్తే 'తాయె' అంటే మనిషి ఎత్తు కాదు, నడుము భాగం. ఇక 'సాంకాస్' అనే ఆ పొడుగు కాళ్ళకు 'కొంగకాళ్ళు' అనుకుంటున్నాను.

జవాబు: 'పుల్లకాళ్ళు' అనకూడదా? అందరి నోటా ఉన్న మాట. ఇంకోటి, పేరునే 'బొజ్జ సాంచో' అని తెలుగు చేసేస్తే గొడవ వదులుతుంది కదండీ.

నా జవాబు: పుల్లకాళ్ళలో సన్నదనం ఉంది కానీ పొడుగు లేదండీ. కొంగలో రెండూ ఉన్నాయి, పైగా పక్షి కూడా దొరికింది. పేరు మాత్రం మార్చలేను. రెండో భాగంలో అతని భార్య, మా నాన్న ఇంటిపేరు కాస్కాహో, మీ పెళ్ళాన్ని కాబట్టి నన్ను తెరెసా పాన్సా అంటున్నారు అంటుంది. అంటే అది ఇంటిపేరులా నడుస్తోంది. పాపం, ఆవిడని 'బొజ్జ తెరెసా' చేయడానికి మనసొప్పదు.

పేర్లు ఎందుకు పడ్డాయో చెప్పేచోట నా అనువాదంలో 'అట' అనకుండా 'కాబోలు' అనడం కూడా కావాలనే. ఎవరో చెబితే విన్నది కాదు ఇది, బొమ్మ చూసి ఊహించింది.

ప్రస్తుతానికి ఇలా ఉంది: "బొమ్మలో చూస్తే పెద్ద బొజ్జ, పొట్టి నడుము, కొంగకాళ్ళు. అందుకే కాబోలు పాన్సా అనీ సాంకాస్ అనీ పేర్లు పడ్డాయి." 'నడుము' బదులు 'మొండెం' అంటే నయమా? నాకైతే మొండెం అనగానే తల తెగిన ఒళ్ళు గుర్తొస్తోంది.