సంభావ్యత 1/13 అయినప్పుడు 1:12 ఎలా అవుతుంది? మా తమ్ముడికి ఎలా చెప్పాలి?

లెక్కల టీచర్లెవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. మా తమ్ముడు పదో తరగతి. 52 పేకముక్కల్లో ఒకటి తీస్తే ఆసు వచ్చే సంభావ్యత 4/52, అంటే 1/13, దశాంశంలో సుమారు 0.077, శాతంలో 7.7 అని గబగబా చెప్పేస్తాడు, అక్కడిదాకా ఏ టెన్షనూ లేదు. కానీ గైడులో అదే లెక్కకి అనుకూల నిష్పత్తి 1:12 అని ఉండేసరికి, 13 ఎక్కడికి పోయిందక్కా అని పట్టుకున్నాడు.

భిన్నంలో కింద ఉండేది మొత్తం ముక్కలు, నిష్పత్తిలో రెండో పక్క ఉండేది ఆసు కాని 48 ముక్కలు, 4:48 ని కుదిస్తే 1:12 అని చెప్పాను, ఒప్పుకున్నాడు. వెంటనే ఇంకోటి అడిగాడు: 2 నుంచి 10 దాకా ఉన్న అంకెల ముక్కలు 36, మిగతావి 16, నిష్పత్తి 9:4, భాగిస్తే 2.25 వస్తోంది, మరి సంభావ్యత ఒకటి దాటకూడదు కదా? రెండూ వేరు వేరు కొలతలని నాకు తెలుసు, వాడికి మాత్రం బట్టీ పట్టించడం ఇష్టం లేదు. మీరు క్లాసులో ఇది బోర్డు మీద ఎలా చూపిస్తారు? జవాబు ఏ రూపంలో రాయాలో ప్రశ్నలో చెప్పకపోతే భిన్నమే రాయమననా, దశాంశం రాసినా పర్లేదా అండీ?