అత్తగారి కోసం కట్టిన స్నానాలగది: ఖర్చు మొత్తం అమెరికా పన్నులో వైద్యఖర్చుగా చూపవచ్చా, కొంతేనా?

ప్లేనో కోడలు:
పక్షవాతం వల్ల మా అత్తగారు మేడ ఎక్కలేరు. స్నానానికి వీలున్న గదులన్నీ పైనే ఉండటంతో, డాక్టరు రాసిచ్చిన సలహా మేరకు 2025లో కిందనున్న చిన్న టాయిలెట్‌ను పక్కగదిలోకి పెంచి, వీల్‌చెయిర్‌తోనే లోపలికి వెళ్లగలిగేలా గడప లేని షవర్ పెట్టించాం. ర్యాంపుకు, రెండు తలుపుల వెడల్పుకు, గోడకు పట్టుకమ్ములకు కలిపి 6,000 డాలర్లు, స్నానాలగదికి 32,000 డాలర్లు అయ్యాయి. ఆవిడకు గ్రీన్‌కార్డు ఉంది, మాతోనే ఉంటారు, పోషణలో సగానికి మించి మాదే. ఇండియా నుంచి పెన్షన్ మాత్రం వస్తుంది. మేమిద్దరం ఉమ్మడిగా ఫైల్ చేస్తాం, ఏజీఐ (పన్ను లెక్కకు తీసుకునే సర్దుబాటు చేసిన ఆదాయం) 1,80,000 డాలర్లు. ఇంటి విలువ పెరిగినంత మేరకు తీసేయాలని మా పన్నుల సలహాదారు అంటున్నారు, స్నేహితులేమో మొత్తం 38,000 చూపమంటున్నారు.

ఎడిసన్ వాసి:
మొత్తం చూపండి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వైద్యఖర్చుల మీద వేసిన పబ్లికేషన్ 502 అనే మార్గదర్శినిలో ఇంటి విలువను సాధారణంగా పెంచని మార్పుల జాబితా ఉంది. అందులో ర్యాంపులు, తలుపుల వెడల్పుతోపాటు స్నానాలగదుల్లో చేసే మార్పులు కూడా ఉన్నాయి. 1987లో ఐఆర్ఎస్ ఇచ్చిన 87-106 రూలింగ్ (పన్ను చట్టానికి అధికారిక వివరణ) కూడా ఇదే చెప్పింది. పైగా అదే పబ్లికేషన్‌లో, కీళ్లవాతం, గుండెజబ్బు ఉన్న వ్యక్తి అద్దె ఇంటి కింది అంతస్తులో షవర్‌తో స్నానాలగది కట్టించుకుంటే ఖర్చంతా వైద్యఖర్చేనని ఉదాహరణ ఇచ్చారు. అద్దెకున్నవారికి పూర్తిగా ఇచ్చి, సొంతింటివారికి కోత పెట్టడం ఏం న్యాయం?

పన్నుల పద్దు:
ఎడిసన్ వాసి గారూ, ఆ ఉదాహరణే వాళ్ల సలహాదారు మాటకు బలమని నా అభిప్రాయం. అద్దెకున్నవారికి ఇంటి మీద హక్కు లేదు కనుక, పెరిగిన విలువ యజమానికి పోతుందే తప్ప ఖర్చుపెట్టినవారికి చేరదు. సొంతింట్లో ఆ విలువ మీ ఆస్తిగానే మిగులుతుంది. అందుకే పబ్లికేషన్ 8,000 డాలర్ల లిఫ్టు వల్ల ఇంటి విలువ 4,400 పెరిగితే వైద్యఖర్చు 3,600 మాత్రమే అంటుంది. జాబితాలో ఉన్నది స్నానాలగదికి చేసే మార్పు. షవరే లేని చోట పూర్తి స్నానాలగది వెలిస్తే దాన్ని మార్పు అనాలా, కొత్త కట్టడం అనాలా? నేను రెండోదే అంటాను.

కోడలు గారూ, 6,000 డాలర్ల పనులను నిస్సంకోచంగా పూర్తిగా చూపండి. మిగిలిన 32,000కు అప్రైజల్ (ఇంటి విలువ ఎంత పెరిగిందో మదింపు) చేయించండి. అప్రైజర్ విలువ 15,000 పెరిగిందంటే మీ వైద్యఖర్చు ఆ 6,000తో కలిపి 23,000. ఏజీఐలో 7.5 శాతం, అంటే 13,500 దాటినదే లెక్కకొస్తుంది కనుక మిగిలేది 9,500. మొత్తం చూపితే అదే 24,500 అవుతుంది. 2025కు ఉమ్మడి స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకపోయినా ఇచ్చే స్థిర మినహాయింపు) 31,500. ఇంటి అప్పు వడ్డీ, ఆస్తిపన్ను కలిపి మీకు 23,000 ఉన్నాయనుకుంటే, మొదటి లెక్కలో ఐటమైజ్ చేయడం (దాని బదులు ఖర్చులను విడివిడిగా చూపడం) వల్ల కలిసొచ్చేది 1,000 మాత్రమే, రెండోదానిలో 16,000. ఇంత తేడా ఉన్నచోట అంచనాతో పోవడం తప్పు. పెన్షన్ గురించి బెంగ వద్దు; వైద్యఖర్చు విషయంలో ఆధారపడినవారికి ఆదాయ పరిమితి వర్తించదు.

ఇంకొక్క మాట. పాలరాయి, ఖరీదైన కుళాయిలు పెట్టించి ఉంటే ఆ అదనపు భాగాన్ని మీరే వేరుచేయండి. అందం కోసం పెట్టినది వైద్యం కాదు; ఫెరిస్ కేసులో 1978లో సెవెంత్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇంట్లో కట్టిన విలాసవంతమైన ఈతకొలను విషయంలో ఇదే తేల్చింది.

ఎడిసన్ వాసి:
సొంతింటి తేడా గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ గడప లేని షవర్, గోడల నిండా పట్టుకమ్ములు కొనేవారిలో చాలామందికి నచ్చవు. పక్కగది కూడా చిన్నదైపోయింది. విలువ 15,000 పెరిగిందని ముందే ఎందుకు ఒప్పుకోవాలి?

పన్నుల పద్దు:
ఒప్పుకోవద్దు. 15,000 నేను లెక్క కోసం వేసిన అంకె. పక్కగది చిన్నదైన సంగతి అప్రైజర్‌కు తప్పక చెప్పండి. విలువ పెరగలేదని ఆయన రాతపూర్వకంగా ఇస్తే 32,000 పూర్తిగా మీదే. కాంట్రాక్టరు బిల్లు పనివారీగా విడిగా ఉండాలి, డాక్టరు ఉత్తరం పనికి ముందు తేదీతో ఉండాలి. హెచ్ఎస్ఏ (వైద్యం కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) నుంచి కొంత చెల్లించి ఉంటే ఆ మొత్తాన్ని షెడ్యూల్ ఏలో (విడివిడి ఖర్చులు రాసే ఫారంలో) మళ్లీ చూపకండి. చెల్లించిన సంవత్సరమే లెక్క కనుక, 2026 జనవరిలో ఇచ్చిన ఆఖరి వాయిదా ఏదైనా ఉంటే అది ఈ రిటర్నులోకి రాదు.