సబ్సిడీతో వచ్చే దిగుమతి సరుకు మీద కంప్లైంట్ ఎలా పెట్టాలి? పొద్దున్నుంచి ఇదే పని, అర్జెంట్

బోల్టుల షెడ్డు:
అందరికీ నమస్కారం. పొద్దున్న తొమ్మిదింటికి కూర్చున్నా, ఇప్పుడు మూడయ్యింది, ఇంకా అన్నం కూడా తినలేదు. బయట నుంచి వచ్చే సరుకు మా అమ్మకం రేటులో సగానికి దిగుతోంది, అక్కడి గవర్నమెంటు వాళ్ళకి సబ్సిడీ ఇస్తోందని ఈ లైన్లో ఉన్న వాళ్ళందరికీ తెలుసు. దీని మీద సీవీడీ (కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ అనే దిగుమతి సుంకం) వెయ్యమని అడుగుదామని అప్లికేషన్ తెరిస్తే సబ్సిడీ ప్రోగ్రాం పేరు, ఏ చట్టం కింద ఇస్తున్నారు, ఎవరు ఇస్తున్నారు, ఎంత లబ్ధి అని వరసగా గడులు. నలభై మందితో నడిచే షెడ్డు మాది, వేరే దేశం వాళ్ళ ఫైళ్ళు నాకెక్కడ దొరుకుతాయి? ఇవి కనిపెట్టాల్సింది గవర్నమెంటు కదా? ఆ గడుల్లో ఏం రాయాలో తెలిసిన వాళ్ళు చెప్పండి ప్లీజ్.

మితభాషి:
ఏ సరుకు? ఏ దేశం? హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు నంబరు)?

పోర్టు క్లియరెన్స్:
సీవీడీ ఎప్పుడో పోయింది కదండీ. 2017 జులైలో జీఎస్టీ వచ్చిన రోజునే తీసేశారు, ఇప్పుడు దాని బదులు ఐజీఎస్టీ (దిగుమతి మీద జీఎస్టీ) పడుతోంది. లేని సుంకం వెయ్యమని అడిగితే ఎవరు వేస్తారు, మీకెవరో తప్పు చెప్పారు.

సుంకాల పాత కాపు:
పోర్టు గారూ, మీరు చెప్పేది వేరే సీవీడీ. పాత బిల్ ఆఫ్ ఎంట్రీల్లో (దిగుమతి కాగితాల్లో) సీవీడీ అని రాసేది కస్టమ్స్ టారిఫ్ చట్టం సెక్షన్ 3 కింద ఇక్కడి ఎక్సైజుకి సమానంగా వేసే అదనపు సుంకం, అది నిజంగానే పోయింది. ఆయన అడిగేది అదే 1975 చట్టంలో సెక్షన్ 9. అవతలి గవర్నమెంటు ఇచ్చిన సబ్సిడీకి విరుగుడుగా వేసే సుంకం. అది ఎక్కడికీ పోలేదు. 2017 సెప్టెంబర్లో చైనా స్టెయిన్‌లెస్ ఫ్లాట్ ప్రొడక్ట్స్ మీద 18.95% వేసింది దీని కిందే (తర్వాత 2022 బడ్జెట్‌లో ఎత్తేశారు, అది వేరే బాధ).

పోర్టు క్లియరెన్స్:
మేం ఇరవై ఏళ్ళుగా సీవీడీ అంటే అదే అంటున్నాం సార్. కస్టమ్స్ హౌస్‌లో ఎవర్నడిగినా అదే చెప్తారు.

సుంకాల పాత కాపు:
హౌస్‌లో వాడుక అదే, కాదనను. కానీ దరఖాస్తులో ఉత్తినే సీవీడీ అని రాస్తే చదివేవాడు కూడా మీలాగే తికమక పడతాడు, అందుకే సెక్షన్ నంబరుతో రాయమంటున్నా.

తెలుగు పదాలు:
ఇద్దరూ సీవీడీ సీవీడీ అని కొట్టుకునే బదులు సబ్సిడీ విరుగుడు సుంకం అనొచ్చు కదా, ఈ గొడవే ఉండదు. రాయితీ అన్నా కుదరదు, రాయితీ అంటే మన జనానికి బస్సు పాసు గుర్తొస్తుంది.

మితభాషి:
హెచ్ఎస్ కోడ్ ఇంకా చెప్పలేదు.

బోల్టుల షెడ్డు:
సారీ అండి, చెప్పాననుకున్నా. స్టెయిన్‌లెస్ బోల్టులు నట్లు, 7318. చైనా సరుకు. నిన్న ఒక డబ్బా విప్పి వంద బోల్టులు మా స్టోరు కాటా మీద పోశా. ఆ బరువుకి నేను కొనే వైర్ రాడ్ (బోల్టు చేసే ముడి స్టీలు కడ్డీ) ఖరీదెంతో లెక్కేస్తే ఉత్త రాడ్ ఖరీదే ఆ వంద బోల్టుల రేటు కంటే ఎక్కువ తేలింది. ఇంకా దాన్ని డ్రాయింగ్ చెయ్యాలి, హెడ్ కొట్టాలి, థ్రెడ్ రోలింగ్, పాలిష్, ప్యాకింగ్, ఓడ కిరాయి, ఇన్ని ఉన్నాయి. సబ్సిడీ లేకుండా ఇది ఎలా సాధ్యమో మీరే చెప్పండి. పైగా స్టీలు దిగుమతి చేసేవాళ్ళంతా గవర్నమెంటు పోర్టల్ సిమ్స్‌లో రిజిస్టర్ చేస్తారుగా, అంటే గవర్నమెంటు దగ్గర లెక్క ఉన్నట్టేగా.

సుంకాల పాత కాపు:
ఆ కాటా లెక్క చాలా విలువైంది, తేదీ వేసి కాగితం మీద పెట్టండి, ఫొటో తీసి దాచండి. కాకపోతే అది రేటు తక్కువని చెప్తుంది, ఎందుకు తక్కువో చెప్పదు. వాళ్ళ దేశంలో అమ్మే రేటు కంటే మనకి తక్కువకి పంపితే డంపింగ్, దానికి సెక్షన్ 9ఏ, అక్కడ నిలబడేది కంపెనీ. గవర్నమెంటు డబ్బు వల్ల తక్కువైతే సబ్సిడీ, సెక్షన్ 9, అక్కడ జవాబు చెప్పాల్సింది ఆ గవర్నమెంటు కూడా, కేసు మొదలెట్టే ముందే ఆ దేశాన్ని సంప్రదింపులకి పిలవాలి. మీ దగ్గరున్న రుజువు ఇప్పటికైతే డంపింగ్ వైపే మొగ్గుతోంది.
సిమ్స్ సంగతి. 2019 నవంబర్ నుంచి ఉంది, కానీ అది చూసేది ఎంత సరుకు, ఏ రేటుకి, ఎక్కడి నుంచి వస్తోందనేది. అవతల ఎవరికి ఎంత సబ్సిడీ ముట్టిందో అందులో ఉండదు.

మనమూ ఇస్తున్నాం:
ఒక్క మాట. ఎదుటోడి సబ్సిడీ అనే ముందు మనది కూడా చూసుకోవాలి. మన ఎంఈఐఎస్ స్కీము ఎగుమతికి ముడిపెట్టిన సబ్సిడీ, రూల్స్ ప్రకారం చెల్లదని 2019 అక్టోబర్‌లో డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ప్యానెల్ తేల్చింది, అమెరికా వేసిన కేసు అది. మనం అప్పీలుకి వెళ్ళాం, ఆ స్కీము పోయి 2021 జనవరి నుంచి రోడ్‌టెప్ (ఎగుమతి సరుకు మీద పడ్డ పన్నులు వెనక్కిచ్చే స్కీము) వచ్చింది. 2011లోనే అమెరికా మన స్కీములు ఒక 50, చైనావి దాదాపు 200 వరకూ, మీరు చెప్పలేదు కాబట్టి మేమే చెప్తున్నాం అని డబ్ల్యూటీవోలో ప్రకటించింది. ప్రతి దేశం పక్కోడి ఖాతా రాస్తూనే ఉంటుంది. ఎగుమతి చేసే చిన్నవాళ్ళు నలిగిపోయేది ఇక్కడే, అది ఎవరూ మాట్లాడరు.

పోర్టు క్లియరెన్స్:
చైనావాళ్ళు ఎగుమతికి వ్యాట్ వెనక్కి ఇస్తారు. అది చాలదా రుజువుకి? అదే రాసెయ్యండి.

సుంకాల పాత కాపు:
అది మాత్రం రాయొద్దు. కట్టిన పన్ను కట్టినంతవరకే వెనక్కిస్తే సబ్సిడీ కింద రాదని డబ్ల్యూటీవో సబ్సిడీ ఒప్పందం మొదటి ఫుట్‌నోట్‌లోనే ఉంది, మన ఐజీఎస్టీ రీఫండూ అదే బాపతు. కట్టినదానికంటే ఎక్కువిస్తే ఆ పైది లెక్కలోకొస్తుంది. సబ్సిడీ అనిపించుకోవాలంటే మూడు తేలాలి. గవర్నమెంటు గానీ ప్రభుత్వ సంస్థ గానీ డబ్బు రూపంలోనో సరుకు రూపంలోనో ఇవ్వాలి, దానివల్ల కంపెనీకి బజారులో దొరకని లాభం ఉండాలి, అది అందరికీ కాకుండా కొన్ని కంపెనీలకో ఒక రంగానికో మాత్రమే అందాలి. ఊళ్ళో అందరికీ చవగ్గా వచ్చే కరెంటు దీనికిందకి రాదు, స్టీలు మిల్లులకే చవకైతే వస్తుంది. మీ బోల్టులకి నేను మొదట చూసేది వైర్ రాడ్. ప్రభుత్వ మిల్లు బజారు రేటు కంటే తక్కువకి రాడ్ అమ్ముతుంటే మీ కాటా లెక్కకి కారణం అక్కడే దొరకొచ్చు.

మనమూ ఇస్తున్నాం:
ప్రభుత్వ మిల్లు అన్నంత మాత్రాన ప్రభుత్వ సంస్థ అయిపోదు. వాటా ఉంటే చాలదు, ప్రభుత్వ అధికారం చేతిలో ఉండాలని 2011లో డబ్ల్యూటీవోలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ బాడీ చెప్పింది.

సుంకాల పాత కాపు:
నిజమే, అది తేలడం కష్టం. కానీ దరఖాస్తు దశలో తీర్పు అక్కర్లేదు, మీకు అందుబాటులో ఉన్న ఆధారం పెడితే చాలు, ఒప్పందంలో ఉన్న మాటే అది. షెడ్డు గారూ, మీ గడులకి ఆధారం మూడు చోట్ల వెతకండి. ఒకటి, ఆ దేశమే డబ్ల్యూటీవోకి ఇచ్చిన సబ్సిడీ నోటిఫికేషన్, జి/ఎస్‌సీఎం/ఎన్ అని మొదలయ్యే నంబర్లు, చివర చైనా కోడ్ ఉంటుంది. 2001లో చేరి మొదటి నోటిఫికేషన్ 2006లో ఇచ్చారు, రాష్ట్రాల స్థాయి స్కీములైతే 2016 దాకా చెప్పలేదు, కాబట్టి అందులో లేదంటే సబ్సిడీ లేదని అనుకోకండి. రెండు, ఇదే రంగం మీద అమెరికా, యూరప్, కెనడా కేసులు నడిపి స్కీము పేరు, చట్టం, ఇచ్చిన శాఖతో సహా అచ్చేసిన ఫలితాలు, మీ గడులు అక్కడ సగం నిండుతాయి. మూడోది నాకు బాగా పనికొచ్చింది, అక్కడి లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికల్లో నోట్స్ దగ్గర ప్రభుత్వ గ్రాంట్లు అని పట్టికే ఉంటుంది, ఫోన్ ట్రాన్స్‌లేటర్‌తో చదివినా అర్థమవుతుంది.
దరఖాస్తు ఇచ్చేది డీజీటీఆర్‌కి, అంటే ఇలాంటి కేసులు విచారించే వాణిజ్య శాఖ విభాగానికి. చిన్న పరిశ్రమలకి వాళ్ళ దగ్గర హెల్ప్‌డెస్క్ ఉంది, అది వాడుకోండి. ఒక్కరే వెళ్తే లాభం లేదు, దేశం మొత్తం ఉత్పత్తిలో కనీసం 25% వాటా ఉన్న తయారీదారులు మద్దతివ్వాలి, నోరు విప్పినవాళ్ళలో సగం కంటే ఎక్కువ మీవైపుండాలి. సంవత్సరం పడుతుంది, ఇంకో ఆరు నెలలు పొడిగించొచ్చు. ఆ తర్వాత కూడా డీజీటీఆర్ సిఫార్సే చేస్తుంది, సుంకం వేసేది ఆర్థిక శాఖ.

బోల్టుల షెడ్డు:
ఇంత ఓపిగ్గా రాసినందుకు ధన్యవాదాలండి. మా అసోసియేషన్‌లో కలిపితే 25% రావొచ్చు, అడుగుతా. ఇంకోటి, కిందటేడు ఒక పెద్ద కస్టమర్ చెయ్యిజారిపోతాడని మేమే రెండు కంటైనర్లు చైనా బోల్టులు తెప్పించి ఇచ్చాం. ఆ ఇన్వాయిస్‌లు పెడితే రేటుకి గట్టి రుజువు కదా?

మితభాషి:
ఇది మొదట్లో చెప్పాల్సింది.

సుంకాల పాత కాపు:
అయ్యో. ఈ సబ్సిడీ సుంకం మీద ఉన్న 1995 రూల్స్‌లో 2(బి) చదవండి. అదే సరుకు దిగుమతి చేసుకున్న తయారీదారుని దేశీయ పరిశ్రమ లెక్కలోంచి పక్కన పెట్టొచ్చు. పెట్టాలనేం లేదు, మీ ఉత్పత్తితో పోలిస్తే అదెంత, ఎందుకు తెప్పించారు, ఏ కాలంలో అనేది చూస్తారు. దాచొద్దు, కస్టమ్స్ డేటాలో ఎలాగూ బయటపడుతుంది. ఆ రెండు కంటైనర్ల టన్నులు, అదే ఏడాది మీరు తయారుచేసిన టన్నులు పక్కపక్కన రాసుకుని వెళ్ళండి. అసోసియేషన్‌లో ఇంకెవరెవరు తెప్పించారో కూడా ఇప్పుడే అడగండి, లేకపోతే మీ 25% అక్కడే చిల్లుపడుతుంది.

పోర్టు క్లియరెన్స్:
బోల్టులకి క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ ఉంది కదా, ఐఎస్ఐ మార్కు లేకపోతే ఆపొచ్చు. ఇదంతా ఎందుకు?

తెలుగు పదాలు:
అది నాణ్యతకి, ఇది రేటుకి. రెండూ కలపకండి.

బోల్టుల షెడ్డు:
సరేనండి, రేపు అకౌంటెంట్‌తో టన్నులు తీయిస్తా. అన్నానికి లేస్తున్నా. థాంక్స్.

కొత్తగా చేరా:
నాదీ ఇదే ప్రాబ్లం కానీ మాకు సరుకు వియత్నాం నుంచి వస్తోంది, రాడ్ మాత్రం చైనాదని డీలరు అంటున్నాడు. అప్పుడు సబ్సిడీ ఎవరి పేరు మీద రాయాలి? ఎవరైనా చెప్తారా