ముక్కు కడిగే నీళ్లలో యాంటీబయాటిక్ కలపాలా, వద్దా?

వైజాగ్ గాలి: సైనస్ ఆపరేషన్ అయి ఏడాదిన్నర. పసుపుపచ్చ చీమిడి మళ్లీ మొదలైంది. మూడు కోర్సుల మాత్రలు మింగాను, ఆపిన వారానికే మళ్లీ అదే కంపు. చీమిడి తీసి క్రిమి ఏదో చూసే కల్చర్ పరీక్షలో ఎంఆర్‌ఎస్‌ఏ వచ్చింది, అంటే మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని స్టాఫ్ అనే క్రిమి. సెలైన్‌లో ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ కలిపి కడుక్కోమన్నారు డాక్టరుగారు. పుండ్లకు రాసే మందు ముక్కులో పోసుకోవడమేంటని మా ఆయన గొడవ. ఏం చెయ్యమంటారు?

మందులకొట్టు: కడగండమ్మా. చెరువు మెట్ల మీద పాచి చూశారుగా, మీ సైనస్‌లో ఉన్నదీ అలాంటిదే. క్రిములు గుంపుగా అతుక్కుని కట్టుకునే పొర, బయోఫిల్మ్ అంటారు. రక్తంలోంచి వచ్చే మాత్ర దాని లోపలికి సరిగా ఎక్కదు. నేరుగా పోస్తే అక్కడ మందు చాలా చిక్కగా తగులుతుంది. పైగా ఆపరేషన్‌తో దారులు తెరుచుకున్నాయి కాబట్టి నీళ్లు లోపలిదాకా వెళ్తాయి.

సందేహాలరావు: పాచి పోలిక బాగుంది గానీ, రుజువేది? యూరప్ నిపుణుల 2020 మార్గదర్శకం చూడండి. ముక్కులో వేసే యాంటీబయాటిక్‌కీ ఉత్తుత్తి మందుకీ పెద్ద తేడా కనబడలేదని, ఆధారాలు మరీ బలహీనమని, వాడమని చెప్పలేమని రాశారు. బూజు మందు సంగతి మర్చిపోయారా? సైనస్‌కంతా బూజే కారణమని 1999లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లంటే, జనం ఆంఫోటెరిసిన్ అనే ఆ మందు ముక్కులో పోసుకున్నారు. 2006లో యూరప్ పరీక్షలో మందు లేని నీళ్లకంటే అది ఏమీ ఎక్కువ చెయ్యలేదు.

మందులకొట్టు: అవి రకరకాల సైనస్‌లన్నిటినీ కలిపి తీసిన లెక్కలు రావుగారూ. ఈవిడది క్రిమి తేలిన, ఆపరేషనైన ముక్కు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఇలాంటివాళ్లకే నెల్రోజులు ముపిరోసిన్‌తో కడిగించి చూశారు. స్టాఫ్ చాలామందిలో పోయింది.

సందేహాలరావు: పోయాక మళ్లీ రాలేదా?

మందులకొట్టు: కొన్ని నెలలకి వచ్చింది. ఒప్పుకుంటా.

గోదారమ్మాయి: నాదీ అదే కథ. ఆరు వారాలు హాయి, తర్వాత మామూలే. ఇప్పుడు ఉత్త సెలైన్‌తోనే రోజూ కడుగుతున్నా, సగం నయం. అక్కా, ఏది కలిపినా కుళాయి నీళ్లు మాత్రం వద్దు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో నేతి చేసిన (అంటే ముక్కు కడుక్కున్న) ఇద్దరు మెదడు తినే అమీబాతో పోయారు. కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. ఇంకొకటి, తేనె కలుపుకోమని ఎవరో ఒకరు చెప్తారు. పరీక్షలు ఎక్కువగా చేసింది న్యూజిలాండ్ మనుకా తేనె మీద, మన కిరాణా కొట్టు సీసా మీద కాదు.

వైజాగ్ గాలి: అయితే నెల్రోజులు కడిగి, మళ్లీ కల్చర్ చేయించమని డాక్టరుగారినే అడుగుతా. మా ఆయన ఇంకా మూలుగుతూనే ఉన్నారు.