లువాలో బఫర్ విడుదల: జీసీకి వదిలేయాలా, క్లోజ్ రాయించాలా?

పాయింటర్_పిచ్చి:
మా ప్రోగ్రామ్‌లో స్క్రిప్ట్‌లు నడపడానికి లువా 5.3 భాషని ఎంబెడ్ చేశాం. ఒక్కో బొమ్మకి ఒక యూజర్‌డేటా (సీ డేటాని లువాకి అందించే ఆబ్జెక్ట్). అందులో ఉండేది 8 బైట్ల పాయింటరే, దాని వెనక సీ వైపు 8 ఎంబీ బఫర్. జీసీ (గార్బేజ్ కలెక్టర్, వాడని మెమరీని తనే ఏరేసేది) ఆబ్జెక్ట్‌ని పారేసేముందు పిలిచే జీసీ మెటామెథడ్‌లో ఆ బఫర్‌ని ఫ్రీ చేస్తున్నా. స్క్రిప్ట్ 200 బొమ్మలు తెరిచి వదిలేస్తే ప్రాసెస్ 1.6 జీబీకి పోతోంది. ఎంత మెమరీ వాడుతున్నావని లువా కలెక్ట్‌గార్బేజ్ ఫంక్షన్‌ని (కౌంట్) అడిగితే మాత్రం కొన్ని వందల కేబీలే అంటుంది! బఫర్‌ని వెంటనే వదిలేసే క్లోజ్ ఫంక్షన్ ఇచ్చి స్క్రిప్ట్ రాసేవాళ్లనే పిలవమందామని మా టీమ్‌లో ఒకాయన పట్టు. జీసీ ఉన్నదెందుకు మరి?

సెమీకోలన్:
ఆయన చెప్పిందే రైటండీ. కలెక్టర్‌కి తెలిసింది లువా అలొకేటర్ ఇచ్చిన మెమరీ మాత్రమే. మీరు సీలో మాలక్‌తో తీసుకున్న మెమరీ దాని లెక్కలోకే రాదు, దానికి తొందరెందుకుంటుంది? అవే ఫైళ్లో సాకెట్లో అయితే మెమరీ నిండకముందే డిస్క్రిప్టర్లు (తెరిచినవాటికి ఓఎస్ ఇచ్చే నంబర్లు) అయిపోతాయి.

రెండో_సైకిల్:
చెప్పడం తేలికే. స్క్రిప్ట్ మధ్యలో ఎర్రరొచ్చి పీకాల్‌కి (ఎర్రర్లని పట్టుకునే ఫంక్షన్) దూకితే ఆ క్లోజ్ లైను దాకా ఎవరు వెళ్తారు? 5.4లో అయితే బ్లాక్ దాటగానే వాటంతటవే మూసుకునే క్లోజ్ వేరియబుల్స్ ఉన్నాయి, 5.3లో లేవుగా. బఫర్ తీసుకున్న ప్రతిసారీ లువా_జీసీకి (కలెక్టర్‌ని నడిపే సీ ఫంక్షన్) స్టెప్ 8192 ఇవ్వండి. అన్ని కేబీలు లువాయే వాడినట్టు కలెక్టర్ పని మొదలెడుతుంది.

అంతకంటే ముందు రెండు కౌంటర్లు పెట్టండి: పుట్టినవి, పోయినవి. ఫుల్ కలెక్ట్ రెండుసార్లు కొట్టాక ఒకసారి, లువా_క్లోజ్ (లువాని మొత్తం మూసేసేది) అయ్యాక ఒకసారి ప్రింట్ చేయండి. చివరికీ పోయినవి సున్నా అంటే, మెటాటేబుల్ (మెటామెథడ్లుండే టేబుల్) తగిలించాక దానిలో జీసీ ఫీల్డ్ పెట్టారన్నమాట. అలా చేస్తే ఆ ఆబ్జెక్ట్ ఫైనలైజర్ (పోయేముందు పిలవాల్సిన ఫంక్షన్) జాబితాకే ఎక్కదు (దీనికి నేనొక వారాంతం ధారపోశా). లువా_క్లోజ్‌లోనే పోతున్నాయంటే వాటిని ఎవరో పట్టుకుని కూర్చున్నారు.

పాయింటర్_పిచ్చి:
కొట్టి చూశా. 188 కలెక్ట్‌కే పోయాయి, 12 లువా_క్లోజ్ దాకా కదల్లేదు. లువాఎల్_రెఫ్‌తో రిజిస్ట్రీలో (సీ కోడ్ లువా విలువల్ని దాచుకునే టేబుల్) దాచిన కాల్‌బ్యాక్‌లు బొమ్మల్ని అప్‌వాల్యూలుగా (ఫంక్షన్ బయటి నుంచి పట్టుకున్న వేరియబుల్స్) పట్టుకున్నాయి. ఒక ఎర్రర్ దారిలో అన్‌రెఫ్ (రిజిస్ట్రీ నుంచి తీసేయడం) మర్చిపోయా.

సెమీకోలన్:
చూశారా! క్లోజ్ ఉండుంటే రిజిస్ట్రీలో ఉత్త గుల్ల మిగిలేది, 8 ఎంబీ కాదు.

రెండో_సైకిల్:
ఆ గుల్లని రేపు కాల్‌బ్యాక్ ముట్టుకుంటే? ప్రతి ఫంక్షన్‌లో పాయింటర్ నల్ (ఖాళీ) అయిందా అనే తనిఖీ పెట్టాలి.

పాయింటర్_పిచ్చి:
పెడుతున్నా. క్లోజ్ ఫ్రీ చేసి పాయింటర్‌ని నల్ చేస్తుంది, జీసీ కూడా అదే ఫంక్షన్‌ని పిలుస్తుంది. మా టీమ్ ఆయనకి ఇంకా చెప్పలేదు.