పోర్ట్‌ఫోలియోలోంచి లక్కపిడతలు తీసేయమంటున్నారు. తీసేయాలా?

లక్కపిడత_02
అందరికీ నమస్కారం. మాది ఎలమంచిలి దగ్గర. యానిమేషన్ కోర్సు అయిపోయి ఏడాదైంది. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ స్టోరీబోర్డ్ (సీన్లని ముందుగా వరసగా బొమ్మల్లో వేసి చూపించడం) ఉద్యోగం కోసం తిరుగుతున్నాను.

నా పోర్ట్‌ఫోలియోలో సగానికి పైగా ఒకటే కథ. మొత్తం 64 ప్యానెళ్ళు. వంటింటి అటక మీద ఏటికొప్పాక లక్కపిడతలు, వాటి పక్కన ఒక బొంగరం. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక చిన్న బిందె మూత దొర్లుకుంటూ కింద పడిపోతుంది. మిగతా పిడతలన్నీ దాన్ని వెతకడానికి అటక దిగుతాయి. ఎక్కడా ఒక్క మాట లేదు. ఆ సెట్టు మా అమ్మమ్మ కొనిచ్చింది. దాని మూత నిజంగానే పోయింది, మళ్ళీ దొరకలేదు.

పాత టామ్ అండ్ జెర్రీలంటే నాకు ప్రాణం. సెకనుకు 24 బొమ్మలు చేత్తో గీసిన కాలం నాటివి. ఒక్కో సీను ఆపి ఆపి చూసి నోట్‌బుక్కులు నింపాను. పడే ముందు గాల్లో ఆగే ఆ అరక్షణం ఉంటుందే, దాన్ని నా మూత పడేటప్పుడు పెట్టాలని చూశాను.

మొన్న ఒక స్టూడియోలో ఇంటర్వ్యూ. చూసినాయన రెండు నిమిషాల్లో పేజీలు తిప్పేసి, "ఇవి చిన్నప్పటి ఇష్టాలు, ఇంట్లో పెట్టుకో. యాక్షన్ సీక్వెన్సులు పెట్టుకుని రా" అన్నారు. తీసేయాలా? 16 నుంచి 26 వరకు ప్యానెళ్ళు కింద పెడుతున్నాను, చూసి చెప్పండి.

బోర్డు_మనిషి
తీసేయ్ చెల్లెమ్మా. పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో బోర్డులే గీస్తున్నాను కాబట్టి చెబుతున్నా.

స్టోరీబోర్డ్ అంటే కింద పనిచేసేవాళ్ళకి రాసే ఉత్తరం. లేఅవుట్ వాళ్ళు, యానిమేటర్లు, ఎడిటర్ అది చూసే పని మొదలుపెడతారు. పక్కన నిలబడి "నా ఉద్దేశం ఇదీ" అని చెప్పడానికి నువ్వు ఉండవు. నువ్వు పెట్టిన వాటిలో 22 చూడు. మూత ఎడమ నుంచి కుడికి దొర్లుతోంది. 22లో కెమెరాని అటు పక్కకి పెట్టేశావు, మూత కుడి నుంచి ఎడమకి పోతున్నట్టు ఉంది. చూసేవాడు వెనక్కి తిరిగిందనుకుంటాడు. 180 డిగ్రీల లైను దాటావు, అంటే కదిలేదాని దారి వెంట ఊహించుకునే గీత, కెమెరా దానికి ఒకే పక్కన ఉండాలి. పాత కార్టూన్లు ఎక్కువగా నాటకం చూసినట్టు పక్క నుంచే చూపిస్తాయి, అవి చూసి నేర్చుకుంటే కెమెరా దగ్గర ఇలాగే దొరికిపోతాం.

ఇంకోటి. సెకనుకు 24 బొమ్మలు ఎవరూ గీయలేదు. 24 అనేది తెర మీద సెకనుకు పడే ఫ్రేముల లెక్క. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములకి వాడేవాళ్ళు, అంటే 12. ఇంటర్వ్యూలో ఈ తప్పు చెబితే అక్కడే మార్కు పోతుంది.

నీలిరంగు
ఫాలో అవుతున్నా. నాదీ ఇదే పరిస్థితి.

వరాహతీరం
తీసేయకు తల్లీ.

నేను అనకాపల్లి దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు ఇక్కడ మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పిడతలు అటక దిగేటప్పుడు పెద్దది ముందు దిగి చిన్నదానికి తన మూత అందిస్తుందే, ఆ ప్యానెల్ చూసి కాసేపు అలాగే ఉండిపోయాను. అది ఎవరూ నేర్పితే వచ్చేది కాదు.

బాపు గారు తన సినిమాలకి షాట్ షాట్‌కీ బొమ్మ వేసుకుని సెట్టుకి వెళ్ళేవారు. ఆయనకి ఆ గీత ఇష్టం లోంచే వచ్చింది. 1995లో పూర్తిగా కంప్యూటర్‌తో తీసిన మొదటి సినిమా వచ్చింది, టాయ్ స్టోరీ. దేని గురించి? ఒక పిల్లాడి గదిలో ఆటబొమ్మల గురించి. చిన్నప్పటి ఇష్టాలు ఇంట్లో పెట్టుకోమని ఆ తీసినవాళ్ళకి ఎవరూ చెప్పలేదా?

12 అని ఎవరో సరిదిద్దారు. పరుగులు, దెబ్బలు ఉన్నచోట ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ వేశారు. అక్కడ 24 గీశారు. అమ్మాయి చెప్పింది తప్పు కాదు.

బోర్డు_మనిషి
మాస్టారూ, కొన్నిచోట్ల 24 గీస్తే మొత్తం 24 అయిపోదు. "24 బొమ్మలు గీసిన కాలం" అంది అమ్మాయి. అది తప్పు.

బాపు గారు తన సినిమా తానే తీశారు, తన బోర్డు తానే చదువుకున్నారు. ఈ అమ్మాయి బోర్డు ఎక్కడో టొరంటోలో కూర్చున్న డైరెక్టర్ చదవాలి. రెండూ ఒకటెలా అవుతాయి?

వరాహతీరం
తప్పు కాదు నాయనా. ఇష్టంగా చూసినవాళ్ళకి ఆ 24 ఉన్న చోట్లే గుర్తుంటాయి.

కోరమంగళ_కుంచె
ఇద్దరిదీ నిజమే. మామూలు కదలికకి 12, వేగంగా ఉన్నచోట 24. ఇక వదిలేయండి.

బోర్డు_మనిషి
వదిలేయడానికి ఇది చిన్న విషయం కాదు. ఒక్కో బొమ్మకి డబ్బు అవుతుంది. ఆ లెక్క తెలియకుండా ఈ పనిలోకి రాకూడదు. టామ్ అండ్ జెర్రీని 1940లో మొదలుపెట్టింది హన్నా, బార్బెరా. ఏడు ఆస్కార్లు వచ్చాయి. అయినా 1957లో ఎమ్‌జీఎమ్ స్టూడియో ఆ కార్టూన్ విభాగాన్నే మూసేసింది. వాళ్ళిద్దరూ టీవీకి వెళ్ళి తక్కువ బొమ్మలతో పని జరుపుకోవడం నేర్చుకున్నారు. వాళ్ళ టీవీ కార్టూన్ ఎలుగుబంటి యోగి బేర్ మెడలో ఆ కాలరు ఎందుకుందో తెలుసా? ఒంటిని కదపకుండా తల ఒక్కటే మార్చుకోవడానికి, అతుకు కనపడకుండా. అంత గొప్పవాళ్ళే కాలాన్ని బట్టి మారారు. మనమెంత?

వరాహతీరం
మారారు, కానీ టైమింగ్‌ని పారేసి వెళ్ళలేదు కదా. ఒళ్ళు కదలకపోయినా నవ్వు ఎక్కడ రావాలో వాళ్ళకి తెలుసు. అది ఆ పాత పదిహేడేళ్ళలో నేర్చుకున్నదే. మీరు చెప్పిన ఉదాహరణ నా మాటకే బలం.

తాటిబుర్రల_బండి
ఒక మాట చెప్పాలనుంది. మా ఇంట్లో నాకు పదమూడేళ్ళు వచ్చేదాకా టీవీ లేదు. నా ఆటవస్తువు రెండు తాటిబుర్రలకి పుల్ల గుచ్చి చేసిన బండి. కోర్సులో మొదటిరోజు "మీ చిన్నప్పటి కార్టూన్ గీయండి" అన్నారు. క్లాసంతా గీసింది, నేను ఖాళీ కాగితం ఇచ్చాను. ఇష్టం, బాల్యం అని ఇక్కడ పెద్ద మాటలు అంటున్నారు. అవి కేబుల్ ఉన్న ఇళ్ళ పిల్లలకి దొరికే మార్కులు. అందుకే నేను బోర్డు అన్న పక్షం. లైను దాటామా లేదా అన్నది ఎవరి ఇంట్లో పుట్టినా ఒకటే.

లక్కపిడత_02
అన్నా, తాటిబుర్రల బండి గీసిచ్చి ఉంటే ఆ క్లాసులో అందరికంటే మీదే బాగుండేది. మనస్ఫూర్తిగా అంటున్నాను.

తాటిబుర్రల_బండి
కార్టూన్ అడిగారు చెల్లీ. బండి అడగలేదు.

ఒక_అమ్మ
మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇదే కోర్సు చేస్తానంటున్నాడు. నాలుగున్నర లక్షల ఫీజు. అప్పు చేయాలి. అసలు ఉద్యోగాలున్నాయా? ఎవరైనా సూటిగా చెప్పండి.

రామనగర_రోజూ
చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. చెల్లీ, పిడతలు బాగా గీశావు కానీ మెరుపు తప్పుగా పడింది. గాజు గోళీ మీద పడ్డట్టు గుండ్రంగా చుక్క పెట్టావు. లక్క వస్తువు మీద నిలువుగా సన్నటి గీతలా పడుతుంది. ఒకసారి చన్నపట్నం వెళ్ళు, ఇక్కడికి అరవై కిలోమీటర్లే, మైసూరు రోడ్డు. తరిణె (కర్రని తిప్పే యంత్రం) మీద కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క కణికని ఒత్తిపెడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తరవాత మొగలి ఆకుతో రుద్దుతారు, మెరుపు దాంతో వస్తుంది. వాళ్ళు ఆలె మర అనేది మన అంకుడు కర్రే. మీ ఏటికొప్పాకలో వాడేదీ అదే.

లక్కపిడత_02
అమ్మమ్మ ఇంటికి అంత దగ్గర ఉండీ ఏటికొప్పాకలో ఎప్పుడూ నిలబడి చూడలేదు. వచ్చే ఆదివారమే చన్నపట్నం వెళ్తాను అన్నా.

వరాహతీరం
బోర్డు గారూ, మీకు ఒక సంగతి చెప్పాలి. 1988లో నా క్లాసులో ఒక పిల్లాడు లెక్కల నోట్‌బుక్ మూలల్లో గుర్రాన్ని గీశాడు. పేజీలు గబగబా తిప్పితే గుర్రం పరిగెత్తేది. కుండా, ఆపిల్ పండూ గీయమంటే ఇదేమిట్రా అని ఆ నోట్‌బుక్ చించేశాను. వాడు ఏడవలేదు. మళ్ళీ నా క్లాసులో పెన్సిల్ పట్టలేదు. ముప్ఫై ఏడేళ్ళయింది. ఆ గుర్రం నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్న పేజీ నాకింకా కళ్ళ ముందే ఉంది. ఇప్పుడు మీరు చేస్తున్నది అదే పని. మీలాంటి వాళ్ళు తీసేయ్ తీసేయ్ అంటూ ఉండబట్టే మన పిల్లలు ఎవరి బొమ్మలో గీసిపెట్టే కూలీలవుతున్నారు.

బోర్డు_మనిషి
కూలీ అన్నారు కదా. సరే. అయితే వినండి.

నాకు కొండపల్లి అంబారీ ఏనుగు ఉండేది. ఒక దంతం విరిగింది, మా నాన్న చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపి అతికించాడు, కొంచెం వంకరగా. ఆ వంకర దంతం ఏనుగు మీద 2011లో ఒక కథ బోర్డు చేశాను. 140 ప్యానెళ్ళు, రాత్రుళ్ళు కూర్చుని. పనిచేస్తున్న చోటే ఇచ్చాను. అందరికీ నచ్చింది, చేద్దామన్నారు. చేరినప్పుడు పెట్టిన సంతకం ప్రకారం ఆ ఏనుగు వాళ్ళదైపోయింది. ఆ సిరీస్ రాలేదు. తరవాత ఆ స్టూడియోనే మూసేశారు, ఉదయం మెయిల్ వచ్చింది, సాయంత్రానికి ఐడీ కార్డులు తీసేసుకున్నారు. నా ఏనుగు ఏ హార్డ్ డిస్కులో ఉందో, ఎవరు కొనుక్కున్నారో తెలియదు. నాకు 41 ఏళ్ళు. మా పాపకి ఆ కథ నోటితో చెబుతాను, బొమ్మ వేసి చూపించాలంటే చెయ్యి ఆగిపోతుంది.

అందుకే తీసేయమన్నాను. 22వ ప్యానెల్ దిద్దుకుంటే సరిపోతుంది, అది నాకూ తెలుసు. ఆ మూత అమ్మమ్మది. దాన్ని వాళ్ళ టేబుల్ మీద పెట్టొద్దు. వాళ్ళకి కావలసిన యాక్షన్ ఇచ్చి జీతం తెచ్చుకో. ఇష్టమైనది ఇంట్లో పెట్టుకో.

కోరమంగళ_కుంచె
ఇన్నాళ్ళూ మీరు పన్నెండూ ఇరవైనాలుగూ అంటుంటే ఎందుకంత కోపమో అర్థం కాలేదన్నా.

వరాహతీరం
బాబూ, కూలీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించు.

కానీ ఒక్కటి అడుగుతాను. ఇంట్లో పెట్టుకున్న ఏనుగు మాత్రం బతికిందా? చెయ్యి ఆగిపోతోందని నువ్వే అన్నావు.

సెక్షన్_చూసేవాడు
ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. ఉద్యోగంలో చేరకముందు సొంతంగా చేసిన పని, ఇంటర్వ్యూలో చూపించినంత మాత్రాన వాళ్ళది అయిపోదు. చెల్లెమ్మ కథ ఇప్పటికి ఆమెదే. చేరేటప్పుడు ఇచ్చే కాగితం మాత్రం ప్రతి లైనూ చదవాలి. ముందే చేసిన పనుల జాబితా రాసి, ఇవి నావి అని అందులో చేర్పించుకోవచ్చు. తేదీలున్న ఫైళ్ళు జాగ్రత్తగా ఉంచుకో. బోర్డు గారి విషయం వేరు, ఆయన లోపల ఉండి ఇచ్చారు. ఒప్పందంలో సరిగ్గా ఏముందో ఒకసారి ఎవరికైనా చూపిస్తే మంచిది.

బోర్డు_మనిషి
జాబితా రాసుకోవచ్చని 2011లో నాకెవరూ చెప్పలేదు.

ఒక_అమ్మ
ఇదంతా చదివాక ఇంకా భయమేస్తోంది. నా ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు.

బోర్డు_మనిషి
అమ్మా, నన్ను క్షమించండి, మీది ముందే చూడాల్సింది. ఉద్యోగాలు ఉన్నాయి, స్థిరంగా లేవు. ప్రాజెక్టు ఉంటే పిలుస్తారు, అయిపోతే పంపిస్తారు. అప్పు చేసే ముందు అబ్బాయిని మూడు నెలలు రోజుకొక పేజీ గీయమనండి, బయట మనుషుల్ని చూసి. మానకుండా గీస్తే అప్పుడు ఆలోచించండి. కోర్సు వాళ్ళు చూపించే ప్లేస్‌మెంట్ కాగితం నమ్మొద్దు. అక్కడ చదివి ఇప్పుడు పనిలో ఉన్న ఇద్దరితో మాట్లాడండి. కావాలంటే నేను ఫోన్లో మాట్లాడతాను.

తాటిబుర్రల_బండి
నేను నిన్న రాత్రి బండి గీశాను. ఎనిమిది ప్యానెళ్ళు. ఇక్కడ పెట్టడం లేదు, ఊరికే చెబుతున్నా.

లక్కపిడత_02
చన్నపట్నం వెళ్ళొచ్చాను. ఒక పెద్దాయన పక్కన రెండు గంటలు కూర్చుని గీసుకున్నాను, మెరుపు నిజంగా గీతే.

బోర్డు అన్నా, మీరు చెప్పినట్టు యాక్షన్ సీక్వెన్స్ ఒకటి కొత్తగా వేస్తున్నాను. సిటీ మార్కెట్‌లో బుట్టల మధ్య బైకు వెంటాడే సీను, పోర్ట్‌ఫోలియోలో అదే ముందు పెడతాను. కానీ పిడతలు తీయడం లేదు. 64ని 40కి తగ్గించాను, సాగదీసినవన్నీ పోయాయి. 22 మార్చాను. 21కీ 22కీ మధ్య ఒక ప్యానెల్ చేర్చాను. అందులో మూత నేరుగా కెమెరా మీదికి దొర్లుకుంటూ వస్తుంది, దాంతో ఎడమా కుడీ రెండూ పోతాయి. తరవాత అటు పక్కకి వెళ్ళినా తేడా తెలియడం లేదు. మూత మీదికి వచ్చేసరికి దాని అడుగున అమ్మమ్మ పిన్నుతో గీకిన నా పేరు మొదటి అక్షరం కనిపిస్తుంది. ఇంతకుముందు కథలో అది లేదు. కొత్తవి కింద పెట్టాను, చూడండి.

వరాహతీరం
చూశాను తల్లీ. రెండుసార్లు చూశాను.

బోర్డు_మనిషి
ఇప్పుడు మూత తిన్నగా పోతోంది. ఆ మధ్య ప్యానెల్ బాగా కుదిరింది, అక్షరం ఇంకో నాలుగు ఫ్రేములు నిలవనీ. 31లో పిడత నీడ ఒకసారి చూసుకో, దీపం ఎడమ పక్కన పెట్టి నీడ కూడా ఎడమకే వేశావు.