జేడ్ బోన్సాయ్ ఆకులు రాలిపోతున్నాయి, ఎండలో పెట్టాలా హాల్లోనే ఉంచాలా?

నెల్లూరు_మిద్దెతోట:
గృహప్రవేశానికి మా ఆడబిడ్డ జేడ్ బోన్సాయ్ ఇచ్చింది. జానెడు ఎత్తు, లోతులేని పింగాణీ ట్రే, పైన తెల్ల రాళ్లు. రోజూ కాసిని నీళ్లు చల్లి టీవీ పక్కన పెట్టుకోమని నర్సరీ అతను చెప్పాడంట. ఇప్పుడు ఆకులు పసుపు రంగుకి తిరిగి, చెయ్యి తగిలితే చాలు రాలిపోతున్నాయి. కాండం గట్టిగానే ఉంది. ఎన్ని రోజులకొకసారి నీళ్లు పొయ్యాలి? మిద్దె మీద పెడదామంటే కార్తీకం వానలొస్తాయని టెన్షన్. కొమ్మలకు తీగ చుట్టి వంచొచ్చా?

కావలి_కుండీలు:
ముందు అది ఏ జేడో చూసుకోండి. గోరంత ఆకు, ఎర్రటి కొమ్మ అయితే పోర్చులకేరియా. మన నర్సరీల్లో దాన్నే జేడ్ అని అమ్ముతారు. అసలు జేడ్ క్రాసులా, దాని ఆకు పెద్దది, మందం. రెండూ దక్షిణాఫ్రికావే గానీ, మన ఎండకి పోర్చులకేరియా ఆగుతుంది, క్రాసులాకి మాత్రం ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీడ ఉండాల్సిందే. వెలుతురు లేని హాల్లో ఏదైనా పీలగా సాగిపోతుంది.

నీళ్లకి రోజుల లెక్క పెట్టుకోవద్దు. వేలు దించి చూసి, లోపల పొడిగా ఉంటేనే కింద నుంచి కారేదాకా పొయ్యండి. ఆకు ముడతలు పడితే దాహం, పసుపు రంగై మెత్తబడితే నీళ్లెక్కువ. మీది రెండోదే అనుకుంటా. రాళ్లు తీసి, ట్రేకి అడుగున రంధ్రం ఉందో లేదో చెప్పండి.

నెల్లూరు_మిద్దెతోట:
ఆకు చిన్నదే, కొమ్మ ఎరుపే. రాళ్లు జిగురుతో అతికించారన్నా, స్క్రూడ్రైవర్ పెట్టి లేపాల్సొచ్చింది! రంధ్రం ఉంది గానీ పూడిపోయింది. లోపలంతా బంకమట్టి, కొన్ని వేర్లు నల్లగా మెత్తబడి వాసనొస్తున్నాయి.

ఒంగోలు_ఇటుకముక్క:
జిగురు పెట్టి అమ్మేవాళ్లని ఏమనాలో. సరే అక్కా, నల్లబడ్డ వేర్లు శుభ్రమైన కత్తెరతో కోసేసి, మొక్కని మూడు నాలుగు రోజులు నీడలో అట్టానే ఆరనివ్వండి. చావదు, ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే జాతి అది. కుండీలో నింపే మిశ్రమానికి మూడొంతులు గరుకు, ఒక వంతు వర్మీకంపోస్ట్. గరుకంటే శనగ గింజంత ఇటుక ముక్కలు, పొడి జల్లించి పారేసినవి, లేదంటే పెన్నా ఇసుకలో జల్లెడ మీద మిగిలే పలుకులు. మాకు చీమకుర్తి దగ్గర కాబట్టి గ్రానైట్ చిప్స్ దొరుకుతాయి, కానీ అవి నీళ్లు పీల్చవు, అందుకే సగం ఇటుక కలుపుతాను. సముద్రపు ఇసుక మాత్రం వద్దు. నాటాక ఓ వారం నీళ్లు ఆపండి.

ఇంకోటి, బోరు నీళ్లు ఉప్పనైతే కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది. వాన నీళ్లు పట్టుకోండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు అసలు పొయ్యొద్దు.

కావలి_కుండీలు:
మిశ్రమం బాగుంది గానీ, ఆ లోతులేని ట్రేలో మే నెల మిద్దె మీద అది పూటలో ఆరిపోతుంది. నన్నడిగితే ట్రే పక్కనపెట్టి ఏడాదో రెండేళ్లో మామూలు మట్టికుండీలో పెంచండి. కాండం లావెక్కాలంటే వేర్లకి చోటుండాలి, ఆకారం సంగతి తర్వాత. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు కాలుతుంది, ముందు పొద్దుటెండ చూపించండి.

తీగ ఇప్పుడొద్దు, మెత్తటి కొమ్మలోకి తొందరగా దిగబడి గాట్లు పడతాయి. కత్తెర చాలు. ఆకులు జంటలుగా వస్తాయి కదా, ఒక జంటకి కాస్త పైన కోస్తే అక్కడ రెండు చిగుళ్లు లేస్తాయి. అదీ కోలుకుని కొత్త ఆకులేసిన తర్వాతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం అని విన్నప్పుడల్లా గాలి, వెలుతురు తగిలే వసారాలోకి లాగేయండి.

నెల్లూరు_మిద్దెతోట:
సరే అన్నా, ఈ రోజే వేర్లు కోసి ఆరబెడతా. ఇంట్లో పిల్లి ఉంది, ఆకులు కొరికితే ప్రమాదమా?

ఒంగోలు_ఇటుకముక్క:
మీ మొక్క పోర్చులకేరియానే కాబట్టి పిల్లికి భయం లేదు, దాని సొంతూర్లో ఏనుగులే మేస్తాయి. క్రాసులా అయితే మాత్రం పిల్లులకి, కుక్కలకి పడదు, అందనిచోట పెట్టాలి.